ఆరు తీగల మీద ఒక వేలు

కర్టెన్ల కొట్లో పనంటే రోజంతా మబ్బుల్లో ఉన్నట్టే ఉంటుంది. పైనుంచి వేలాడే పల్చటి తెల్లగుడ్డలు, వాటిలోంచి వడకట్టుకుని దిగే ఎండ, ఆగి ఆగి నడిచే మిషను చప్పుడు. పిచ్చుక ఇరవయ్యేళ్ళుగా ఆ మబ్బుల్లో కూర్చుని కుచ్చులు పెడుతోంది. ఆ పేరు చిన్నప్పుడు అక్క పెట్టింది. నలభై ఆరేళ్ళొచ్చినా పోలేదు, కొట్లోవాళ్ళకీ అదే అలవాటైపోయింది.

నాలుగు నెలల కిందట అక్కకి పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా కూడదీసుకున్నాయి గానీ మాట మాత్రం రాలేదు. అన్నీ అర్థమవుతాయి. చెప్పాలనుకున్నది నోటిదాకా వచ్చి అక్కడే నిలబడిపోతుంది.

మాటలు నేర్పడానికి వచ్చే నర్సమ్మ ఒకరోజు అంది: "ఇలాంటివాళ్ళలో కొందరికి మాట రాకపోయినా పాట వస్తుందండీ. మీ ఇద్దరికీ బాగా తెలిసిందేదైనా ఉంటే పాడి చూడండి."

ఉంది. చిన్నప్పుడు మేడమీద బట్టలారేస్తూ ఇద్దరూ కట్టుకున్న పాట, గాలి పట్టుకుపోయిన దుప్పటి గురించి. అక్క గిటారు వాయించేది, పిచ్చుక పాడేది. ఆ సాయంత్రం పిచ్చుక ఉత్త గొంతుతోనే పాడింది. అక్క విని, తల అడ్డంగా ఊపి, బీరువా మీదున్న గిటారు వైపు వేలు చూపించింది. తన వేళ్ళింకా తీగలు నొక్కలేవు, పిచ్చుకే నేర్చుకోవాలి.

పాటకి కావలసిన నాలుగు కార్డుల్లో, అంటే తీగలు కలిపి నొక్కే పట్టుల్లో, మూడు పుస్తకం చూసుకుని వారంలో పట్టేసింది. నాలుగోదే ప్రాణం తీసింది. చూపుడువేలిని ఆరు తీగల మీదా అడ్డంగా పరిచి అన్నిటినీ ఒక్కసారే నొక్కాలి. ఎంత బిగించినా రెండు తీగలు పలక్కుండా టప్పుమనేవి. పళ్ళు బిగబట్టి ఇంకా నొక్కేది. పది రోజులకి బొటనవేలి మొదట్లో సలుపు మొదలైంది. ఒక పొద్దున కొట్లో గుడ్డ పట్టుకున్న ఆ చేతికి పట్టు తప్పి, నీలం గుడ్డ కత్తెర కింద జానెడు లోపలికి తెగిపోయింది.

యజమానురాలు గుడ్డ వంక చూళ్ళేదు, చేతి వంక చూసింది. "కుట్టేది ఆ చెయ్యేనే తల్లీ. ముందు దాని సంగతి చూసుకో, పో."

పిచ్చుక గిటారు చంకన పెట్టుకుని, గిటార్లు బాగుచేసే మాస్టారి దగ్గరికి వెళ్ళింది. గది నిండా మెడలు ఊడిన గిటార్లు, జిగురు వాసన, కిటికీ వెలుతురులో తేలుతున్న చెక్కపొడి. అక్కడ కాలం కూడా ఆరబెట్టినట్టుంది.

"తీగలు మార్చాలా మాస్టారూ?"

"ముందు వాయించండమ్మా."

వాయించింది. ఆయన గిటారు వదిలేసి ఆమె మణికట్టునే చూస్తూ కూర్చున్నాడు.

"ఎవరి పీక పిసుకుతున్నారమ్మా అలా?"

పిచ్చుకకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"బొటనవేలితో నలిపేస్తున్నారు. అది వెనకాల ఊరికే ఆనుకుని ఉంటే చాలు. మోచేతిని బరువుగా కిందికి వదిలెయ్యండి, ఆ బరువే తీగల్ని నొక్కుతుంది." ఆమె చూపుడువేలిని కొంచెం పక్కకి దొర్లించాడు. "మెత్తటి వైపు కాదు, ఈ ఎముక అంచు. మెడ మీద ఈ అడ్డ కమ్మీ ఉందే, ఈ మెట్టుకి ఆనుకున్నట్టు పెట్టండి. మణికట్టు మరీ వంచకండి."

తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయని, అవి కూర్చునే గాట్లని ఆకురాయితో కాస్త లోతు చేశాడు. సన్నటి తీగలు బిగించాడు.

"సలుపు పోయేదాకా అసలు ముట్టుకోకండి. తర్వాత అయిదో మెట్టు దగ్గర మొదలుపెట్టండి, అక్కడ తీగలు మెత్తగా లొంగుతాయి. వారానికో మెట్టు దిగండి. అయిదు నిమిషాలు వాయించాక చెయ్యి దులుపుకుని లేచి తిరగండి. నొప్పి ఓర్చుకోవడం గొప్పేం కాదమ్మా."

వారం తర్వాత పిచ్చుక మళ్ళీ గిటారు పట్టుకుంది. కళ్ళు మూసుకుని మోచేతిని వదిలేసింది. కొట్లో కుచ్చు కూడా అంతే కదా, దాని బరువుకి అది పడితేనే అందం, లాగితే చెడుతుంది. చేతికి ఇన్నేళ్ళుగా తెలిసిన సంగతి గిటారు దగ్గరికొచ్చేసరికి ఎందుకు మరిచిపోయిందో ఆమెకే తెలీలేదు. అయిదో మెట్టు, నాలుగు, మూడు. ఒక్కోసారి వాయిస్తోందో కలగంటోందో తెలిసేది కాదు. గది నీళ్ళ అడుగున ఉన్నట్టు, తీగల మోత పైనెక్కడో అల ఆడుతున్నట్టు ఉండేది.

అయిదు వారాలకి, ఒక ఆదివారం మధ్యాహ్నం, అక్క కిటికీ పక్క పడక్కుర్చీలో ఒరిగి ఉండగా, పాట మొత్తం ఎత్తుకుంది. నాలుగో కార్డు వచ్చింది. ఆరు తీగలూ కలిసి పలికాయి. చెయ్యి నొప్పెట్టలేదు. అక్క కళ్ళు మూసుకుపోయాయి. నిద్రపోయింది కాబోలు అనుకుంది పిచ్చుక. తనకీ మత్తుగానే ఉంది. రెండో చరణంలో ఒక మాట బదులు ఇంకోటి పాడేసింది.

"తప్పు."

పిచ్చుక చెయ్యి ఆగిపోయింది. అక్క కళ్ళు తెరిచి, తన నోట్లోంచి వచ్చిందేమిటో తెలియనిదానిలా చూస్తోంది.

"ఏంటక్కా? ఏమన్నావు?"

అక్క పెదాలు కదిపింది. ఏమీ రాలేదు. పిచ్చుక ఇంకేమీ అడక్కుండా చరణం మొదటికి వెళ్ళి మళ్ళీ వాయించింది. ఈసారి గొంతు కలిపింది అక్క. వణుకుతూ, సగం గాలిలా, అయినా మాటలు మాటల్లాగే వచ్చాయి: "దుప్పటీ దుప్పటీ, మా మేడ దిగి పోకే." కన్నీళ్ళలో తీగలు ఆరు కాస్తా పన్నెండైనా పిచ్చుక వేలు తియ్యలేదు. మూడుసార్లు పాడుకున్నారు.

నర్సమ్మ సంతోషించింది, తొందరపడొద్దని కూడా అంది. నిజమే, ఇప్పటికీ అక్కకి ఉత్త మాట కష్టమే. మంచినీళ్ళు కావాలంటే ఆ రాగంలోనే "నీళ్ళివ్వవే, నీళ్ళివ్వవే" అని అందుకుంటుంది. మొన్న పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "మీ ఇంట్లో రోజూ కచేరీయేనా?" అంది. అక్క ఒక్క క్షణం ఆలోచించి, గొంతు సవరించుకుని, "అవునండీ" అని సాగదీసి పాడింది.