తోడు మట్టి

భూలక్ష్మి చీపురు ఆపకుండానే పాంప్లెట్లను కాలితో పక్కకు తోసింది. మైత్రీవనం దగ్గర కోచింగ్ సెంటర్ల వాళ్లు సాయంత్రం పంచినవన్నీ తెల్లారేసరికి ఈ కాలనీ పార్కుకు చేరతాయి. జావా, డాట్‌నెట్, టెస్టింగ్ టూల్స్, నలభై రోజుల్లో ఉద్యోగం. నున్నటి కాగితం కుళ్లదని, ఆకుల్లోంచి ఏరెయ్యాలని ఆమెకు నేర్పింది తోటమాలి కమాల్. ఇప్పుడు ఏరనక్కర్లేదు. పది రోజులుగా ఆకులూ కాగితాలూ కలిపే మున్సిపాలిటీ లారీకి ఎక్కుతున్నాయి. అయినా ఆమె ఏరుతూనే ఉంది.

ఆమెకు నలభై ఆరేళ్లు. ఎడమ మోకాలు పూర్తిగా వంగదు. పొద్దున పార్కు, పదిన్నర నుంచి పంజగుట్టలో ఒక కంప్యూటర్ కంపెనీ మెట్లు, మరుగుదొడ్లు. పదహారేళ్లుగా ఎక్కడ చేసినా ఆమె చేసింది ఒకటే పని, వాసన లేకుండా చేయడం. బకెట్ నీళ్లలో ఫినాయిల్ ఎంత కలపాలో, బ్లీచింగ్ పౌడర్ ఎక్కడ చల్లాలో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు. వేళ్ల సందుల్లో చర్మం తెల్లగా పొరలు లేచి ఉంటుంది. తను తుడిచిన మెట్లు చూసి ఎవరైనా చెప్పులు విడిచి ఎక్కితే ఆ పూట ఆమె ఒక ముద్ద ఎక్కువ తింటుంది.

పార్కు మూలన గుంట ఉంది. పది అడుగుల పొడవు, నడుం లోతు. తోటమాలిగా చేరిన ఏడాది కమాల్ తవ్వాడు. ఆకులు వేసి, నీళ్లు చల్లి, నెలకోసారి తిరగేస్తే నాలుగు నెలల్లో నల్లటి మట్టి అయ్యేది. కాలనీలో ప్రతి పూలకుండీలోనూ ఆ మట్టే. గుంట ఖాళీ చేసినప్పుడల్లా ఆయన ఒక పిడతలో పాత మట్టి తీసి, తడి గోనెగుడ్డ కప్పి, కుళాయి పక్కన ఉంచేవాడు. కొత్త ఆకుల మధ్య దాన్ని చల్లేవాడు. పాలకు వేసినట్టే దీనికీ తోడు వెయ్యాలనేవాడు. ఆకుల్ని మట్టి చేసేది తెల్ల బూజు, కంటికి కనబడని పురుగులు. ఆయన వాటిని పనోళ్లు అని పిలిచేవాడు.

“మన తీరే భూలక్ష్మమ్మా. గీ పనోళ్లు సుత ఎవ్వలకూ కానరారు.”

రోజూ గుంటలోకి ఇనుప చువ్వ గుచ్చి, కొంతసేపు ఉంచి, తీసి పిడికిట్లో పట్టుకునేవాడు. వెచ్చగా ఉంటే లోపల పని నడుస్తున్నట్టు. చలికాలంలో ఆ చువ్వను టీ గ్లాసులా ఆమె చేతికీ ఇచ్చేవాడు.

ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. కమాల్ జహీరాబాద్‌లో కూతురు అర్జూ దగ్గరికి వెళ్లాడు. గుంట మీద బూజు తెల్లగా పరుచుకుంది, పుట్టగొడుగులు లేచాయి. కాలనీ సంఘం కార్యదర్శి అచ్యుతరావు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వచ్చారు.

“ఏంటమ్మా ఇది? ఎల్లుండి జెండా ఎగరెయ్యాలి. ఈ కంపులోనా?”

ఆమెకు తెలిసిన మందు ఒకటే. కాలువల్లో చల్లాక మిగిలిన అర బస్తా బ్లీచింగ్ గుంటలో పోసింది. కమాల్ చువ్వతోనే అక్కడక్కడా పొడిచి, అడుగు దాకా దిగేలా పైపుతో నీళ్లు పట్టింది. మర్నాటికి పుట్టగొడుగులు వాలిపోయాయి. ఆకులు పాలిపోయి కాగితాల్లా ఉన్నాయి. అప్పుడు భయమేసింది. రెండు గంపల పచ్చి ఆకులు తెచ్చి పైన కప్పింది.

కమాల్ వచ్చాక చువ్వ చల్లగా వచ్చింది. ఆయన రెండుసార్లు తిరగేశాడు. పిడతలో సగం మట్టి చల్లాడు. పట్టలేదు. డిసెంబరుకు కూడా ఆకులు ఆకుల్లాగే ఉన్నాయి. అడుగున నీళ్లు నిలిచి అసలైన కంపు అప్పుడు మొదలైంది. సంఘం మీటింగులో గుంట పూడ్చి స్కూటర్లు పెట్టుకుందామన్నారు. గుంట లేకపోతే తోటమాలి ఎందుకన్నారు. ఎలా పాడైందని అడిగితే, నీళ్లు తనే ఎక్కువ పోశానని కమాల్ చెప్పాడు. భూలక్ష్మి చీపురు పట్టుకుని గుమ్మం పక్కనే ఉంది. ఊడ్చిన గుమ్మమే మళ్లీ ఊడ్చింది.

ఈ రోజు ఆయన సామాను తీసుకుని జహీరాబాద్ వెళ్లిపోతాడు. ఇక రాడు. పొద్దుటి నుంచి ఊడుస్తూ ఆమె ఒకటే మాట మనసులో అనుకుంటోంది. నేనే ఏసిన అన్నా.

తొమ్మిదింటికి కమాల్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. కొలిమి దగ్గర చేయించుకున్న చిన్న పారను తువ్వాలులో చుట్టి సంచిలో పెట్టాడు. బస్సు ఎన్నింటికని ఆమె అడిగింది. పదింటికన్నాడు. కుళాయి దగ్గరికి వెళ్లి పిడత తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు.

“సగం మిగిలింది. నువ్వుంచుకో.”

“అన్నా, గా గుంట...”

“తడి ఆరనియ్యకు.” ఆయన గోనెగుడ్డ అంచులు సర్దాడు. “బ్లీచింగ్ డబ్బ పక్కన మాత్రం పెట్టకు.”

ఆమె పిడతను గట్టిగా పట్టుకుంది.

“ఎప్పుడెరుకైంది అన్నా?”

“ఊరికెల్లి వచ్చిన్నాడే. చువ్వకు బ్లీచింగ్ వాసనొచ్చింది.”

“మరి నీ మీదెందుకు ఏసుకున్నవ్?”

“గా మోకాలుతోటి నీకు ఇంకో కాడ పని దొరుకుతదా? నాకు అర్జూ ఉన్నది.” సంచి భుజానికి తగిలించుకున్నాడు. గుంట వైపు చూశాడు. “నువ్వు ఎరుక లేక ఏసినవ్. దానికి ఫికర్ లేదు. పైన ఆకులు కప్పినవ్ చూడు. గా రోజే ఫోన్ చేసి చెప్పి ఉంటే, ఎంటనే వచ్చి తడిసిందంత తీసేసి బతికిస్తుంటి.”

ఆయన గొంతు పెంచలేదు. గేటు గడియ తీసి, బయటికి నడిచి, ఎప్పటిలాగే మళ్లీ గడియ పెట్టాడు. ఆమె గేటు దాకా వచ్చేసరికి రోడ్డు మలుపులో హాస్టల్ కుర్రాళ్ల మధ్య ఆయన తెల్ల టోపీ కొంతసేపు కనిపించింది. తర్వాత కనిపించలేదు.

పదకొండుకు లారీ వచ్చి గుంటలో మట్టి పోసిందని తర్వాత ఎవరో చెప్పారు. అప్పటికి ఆమె పంజగుట్టలో ఉంది. బస్సులో పిడతను ఒళ్లో పెట్టుకుని వచ్చింది. మెట్ల కింది అరలో ఆమె సామాను ఉంటుంది. ఫినాయిల్ క్యాన్లు, బ్లీచింగ్ డబ్బా, రెండు బకెట్లు. ఆమె అర తలుపు తెరిచి, మళ్లీ మూసేసింది. వెనక గోడ దగ్గర నీడలో నేల తుడిచి పిడతను దించింది. దోసిలితో నీళ్లు తెచ్చి గుడ్డ మీద చిలకరించింది. ఆ నీళ్లు బ్లీచింగ్ పట్టే తన చేతుల మీదుగా పడ్డాయని గుర్తొచ్చి, చేతులు రెండుసార్లు కడుక్కుని వచ్చి, గుడ్డ తీసి పిండి, మళ్లీ తడిపి కప్పింది.

పైనుంచి ఎవరో నీళ్లు ఒలికాయని పిలిచారు. ఆమె బకెట్ తీసుకుని మెట్లెక్కింది. కింద గోడ పక్కన పిడత ఉంది. గోనెగుడ్డ అంచు కింద, మట్టి మీద, దారమంత సన్నగా తెల్లటి పోగు ఒకటి ఉంది.