ఇరవై రెండు సెకన్ల రోడ్డు

ఆవిడకు మొగుడి మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. తాగడు, అరవడు, కూరలో ఉప్పెక్కువైతే ఇన్ని నీళ్లు తాగి ఊరుకుంటాడు. ఎటొచ్చీ ఆయనకు పొరపాటన్నది చేతకాదు. గోడగడియారం వెనకబడితే ఊరంతా ముందుకెళ్లిందంటాడు.

ఆయన ఉద్యోగం ట్రాఫిక్ సిగ్నళ్ల ఆఫీసులో. ఇంటిముందు ఎనిమిది వరసల పెద్ద రోడ్డు దాటేవాళ్లకి పచ్చదీపం ఎంతసేపు వెలగాలో తేల్చిందీ ఆయనే. తానే నడిచి, గడియారం చూసుకుని, ఇరవై రెండు సెకన్లు పెట్టాడు.

అత్తగారికి మోకాలి ఆపరేషనై నెల. వ్యాయామం చేయించే ఆస్పత్రి రోడ్డుకి అవతలే. ఆటో అయితే మైలు దూరం పోయి తిరిగి రావాలి.

"ఎదురుగా కనబడేదానికి ఆటో ఎందుకే? నడిపించుకురా. నేను అవతల సిగ్నల్ పెట్టె దగ్గరే ఉంటాను," అన్నాడాయన.

"మీరు కొలిచింది మీ కాళ్లతో. అత్తయ్య కాళ్లతో కాదు."

"అందరికీ సరిపోతుంది."

పొద్దున పదింటికి పచ్చదీపం వెలిగింది. అత్తగారు చేతికర్ర ముందుకు వేసింది. రెండో వరస దాటేసరికి దీపం పక్కన తగ్గుతూ వచ్చే అంకె పద్నాలుగు.

"అత్తయ్యా, కాస్త గబగబా."

"గబగబా నడవగలిగితే ఆస్పత్రికెందుకే తల్లీ?"

నాలుగో వరసలో ఆరు. మధ్యలో నిలబడ్డానికి జానెడు గట్టైనా లేదు. ఆరో వరసలో అడుగు పెట్టగానే అంకె సున్నా అయింది.

మోటార్‌సైకిళ్లు ముందు కదిలాయి. ఒకటి కర్రను తన్నేసి పోయింది. ముసలావిడ బరువంతా కోడలి భుజం మీద పడింది. ఎడంపక్క నుంచి బస్సు. ఆవిడ ఒక చేత్తో అత్తగారి నడుం పట్టుకుని రెండో చెయ్యి బస్సుకి అడ్డంగా చాచింది.

"నన్నొదిలి నువ్వు పోవే," అంది అత్తగారు.

"నోరు మూసుకోండత్తయ్యా," అంది కోడలు, పెళ్లయ్యాక మొదటిసారి.

అవతల ఆయన తాళంచెవుల గుత్తి తీసి సిగ్నల్ పెట్టె మీద పడ్డాడు. మొదటిది పట్టలేదు, రెండోదీ పట్టలేదు. మూడోదానికి పెట్టె తెరుచుకుంది. లోపలి మీట నొక్కగానే నాలుగు వైపులా ఎర్రదీపాలు వెలిగాయి. బస్సు బారెడు దూరంలో కీచుమని ఆగింది.

ఆయన పరుగున వచ్చి తల్లిని రెండో పక్క పట్టుకున్నాడు. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఇంత రోడ్డుకి ఆ కాస్త టైము పెట్టిన మహానుభావుడెవడండీ?"

ఆయన ఒకసారి తల్లి మోకాలి వైపు చూశాడు.

"నేనేనండి," అన్నాడు డ్రైవరుకి వినబడేలా. "తప్పుగా పెట్టాను."