లోగో మధ్యలో రూపాయంత చోటు

ఆదివారం సాయంత్రం వచ్చి కారు నార్సింగి తీసుకెళతానని బాలు ఫోన్ చేశాడు.

"మా ఆవిడ కృష్ణప్రియ ఆఫీసుకి పనికొస్తుంది వదినా. అన్నయ్య పోయినప్పటి నుంచి మీ సెల్లార్‌లో అలాగే పడుంది కదా. ముందున్న లోగో చూశారా? పూతంతా ఊడిపోయి దిక్కులేని బండిలా ఉంది."

వాసంతి కొత్తగూడలోని ఒక బడిలో లెక్కల టీచరు. మరిది చెప్పినదంతా న్యాయంగానే ఉంది. దిక్కులేని అన్న ఒక్క మాట మాత్రం మింగుడు పడలేదు.

"సరే, ఆదివారం రా. ఈలోపు నేను దాన్ని బాగుచేసుకుని నడుపుతూ ఉంటే వదిలెయ్యి. లేదంటే తీసుకెళ్ళు" అంది.

"మీరు నడుపుతారా?"

"మీ అన్నయ్య నేర్పారు."

అది నిజమే. భర్త వెంకటరమణ పక్కన కూర్చుంటే తెల్లాపూర్ నుంచి బడి దాకా ఆమె నడిపేది. ఆయన లేకుండా ఎప్పుడూ తాళం తిప్పలేదు.

మర్నాడు మెకానిక్ వచ్చి కొత్త బ్యాటరీ వేసి, టైర్లలో గాలి నింపి వెళ్ళాడు. ఇక మిగిలింది లోగో. ముందు జాలీ మధ్యలో అరచేయంత గుండ్రటి ప్లాస్టిక్ బిళ్ళ. దాని మీది వెండి పూత అక్కడక్కడా లేచిపోయి బూడిద రంగు మచ్చలు పడ్డాయి. ఊడదీస్తే విరుగుతుందేమోనని బండి మీదే ఉంచి నల్ల రంగు కొట్టాలనుకుంది. కొండాపూర్‌లో స్ప్రే డబ్బా, గరుకు కాగితం, అంటించే టేపు కొని తెచ్చింది. ఫోన్‌లో ఒకతను చెప్పిన పద్ధతి పూర్తిగా విన్నది. ముందు సబ్బు నీళ్ళతో కడగాలి, గరుకు కాగితంతో రుద్దాలి, రాత్రంతా ఆరనివ్వాలి. తెల్లవారాక చుట్టూ టేపు అంటించి రంగు కొట్టాలి. అన్నీ అదే వరసలో చేసింది.

శుక్రవారం బడికి వెళ్ళే ముందు రంగు కొట్టింది. అంచుల్లో రంగు చక్కగా పట్టింది. మధ్యలో మాత్రం జిడ్డు గిన్నె మీద నీళ్ళలా విడిపోయి, వెనక్కి జరిగి, ముడతలు పడింది. వేలు తగలగానే పొరలా లేచి వచ్చింది.

సరిగా రుద్దలేదేమో అనుకుంది. సాయంత్రం బడి నుంచి రాగానే చీర కుచ్చిళ్ళు దోపుకుని సెల్లార్ నేల మీద కూర్చుంది. రంగంతా గీకేసి, కడిగి, వేళ్ళ చివర్లు మండేదాకా మళ్ళీ రుద్దింది. శనివారం పొద్దున మళ్ళీ కొట్టింది. మళ్ళీ అదే చోట, అంతే వెడల్పున, రంగు నిలవలేదు.

తప్పు లెక్క ప్రతిసారీ ఒకే చోట తప్పుతున్నదంటే కారణం ఉండాలి. అది దొరకడం లేదు. ఒక పాత బిళ్ళకి రంగు పూయడం కూడా చేతకాని మనిషి బండి ఏం చూసుకుంటుందని బాలు అనుకుంటే అనుకోనీ. ఆమెకే అలా అనిపించడం మొదలైంది. డబ్బాని మూలకి విసరబోయి, పక్కన ఎవరో ఉన్నట్టుంటే నెమ్మదిగా కింద పెట్టింది.

పైకి వెళితే ఇంట్లో అత్తగారు పుణ్యవతి, "కింద ఏం చేస్తున్నావమ్మా ఇంతసేపు?" అని అడిగింది.

"ఏం లేదత్తయ్యా."

కొడుకు పోయాక ఆ ఇంట్లో కారు మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తితే ఆ తర్వాతి మాట ఏమిటో ఇద్దరికీ తెలియదు.

ఆదివారం పొద్దున మూడోసారి కూడా రంగు విడిపోయింది. వాసంతి టేపు ముక్కలు చేత్తో నలుపుతూ అక్కడే నిలబడిపోయింది. ఎదురు ఫ్లాట్ ప్రశాంతి అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి స్కూటీ ఆపింది. వాళ్ళ కంపెనీలో ఆమెకి వారాంతం రాత్రులు కూడా పని పడుతూ ఉంటుంది.

"ఏందాంటీ, మళ్ళ గట్లనే అయిందా?"

"మధ్యలో పట్టడం లేదమ్మా."

"డబ్బా నకిలీదేమో."

"చుట్టూ పట్టిందిగా."

"గదీ నిజమే." ప్రశాంతి హెల్మెట్ చంకలో పెట్టుకుని వంగి చూసింది. "అవునాంటీ, అమ్మమ్మ ఏం రాస్తది దీనికి?"

"ఏ అమ్మమ్మ?"

"మీ అత్తమ్మే. పొద్దుగాల నేనొచ్చే టైంకి ఎన్నోసార్లు చూసిన. బొటనవేలితోని రుద్దుతుంటది. ఇయ్యాల జర లేటయింది గానీ నిన్న గూడ ఉన్నది. మొక్కుతుందేమో అనుకొని నేను పలకరించలే."

వాసంతి నలిపిన టేపు ముక్కల్ని డబ్బా పక్కన పడేసింది. పొద్దున్నే పాల ప్యాకెట్లకి తానే వెళతానని అత్తగారు పట్టుబట్టడం గుర్తొచ్చింది.

పైకి వెళ్ళేసరికి పుణ్యవతి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది.

"అత్తయ్యా, కారుకి ఏం రాస్తున్నారు?"

చేతులు ఆగలేదు. "మైనం."

"మైనమా?"

"వాడు బండి కొన్న దసరా నుంచీ బొట్టు నేనే కదా పెడుతున్నది. కుంకుమ రాలకుండా ముందు మైనం రాయాలి. మా అమ్మ నా నుదుటికి అలాగే రాసేది."

"ఇప్పుడు కుంకుమ పెట్టడం లేదుగా."

"ఏడాది తిరక్కుండా ఎలా పెడతాను? మైనం రాయకూడదని ఎవరూ చెప్పలేదు."

వాసంతి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ మైనం డబ్బా ఆమెకి తెలుసు. మామగారు పోయాక అత్తగారి నుదుటికి దాని అవసరం తీరిపోయింది. ఆ తర్వాత అది దేవుడి అలమరలోంచి దసరాకి ఒక్కసారి బయటికి వచ్చేది. అంతకుమించి ఎప్పుడూ ఆలోచించలేదు.

"ఆ మైనం మీద రంగు నిలవదు అత్తయ్యా. వేళ్ళు అరిగిపోయేలా రుద్దుతున్నాను. ఒక్క మాట చెప్పి ఉండచ్చుగా."

"రంగు వేస్తున్నానని నువ్వు చెప్పావా?" పుణ్యవతి గొంతు కూడా లేచింది. "గరుగ్గా తగులుతోందేమిటా అని ఇంకాస్త మందంగా రాశాను."

వాసంతి ఒక చిక్కుడుకాయ అందుకుంది. ఒక ఈనె తీసి, కాయని చిన్నగా తుంచి గిన్నెలో వేసింది. "బాలు సాయంత్రం వస్తాడు, బండి తీసుకెళ్ళడానికి" అంది.

"తీసుకెళ్ళడమేమిటి? నన్నడిగాడా?"

"నన్నడిగాడు. లోగో బాగుచేసి, నడిపి చూపిస్తే వదిలేస్తాడు."

పుణ్యవతి గిన్నె పక్కకి నెట్టి లేచింది. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు స్టవ్ మీద పెట్టింది. "చన్నీళ్ళకి మైనం పోదు. ఈపాటి తెలియదా టీచరువి?"

వేడినీళ్ళతో తుడిస్తే మైనం కరిగి, ముడతపడ్డ రంగుతో సహా గుడ్డకి వచ్చేసింది. బిళ్ళ మధ్య భాగం శుభ్రంగా మెరిసింది. అక్కడ మాత్రం రుద్దిన గీతలే తప్ప పూత ఊడలేదు. ఇక రంగు కొట్టడమే తరువాయి. వాసంతి డబ్బా ఊపి, మళ్ళీ దించింది. ఇప్పుడు రంగు పడుతుంది. రేపు పొద్దున ఆ వేలు మళ్ళీ వస్తుంది, రంగు మళ్ళీ లేస్తుంది. రావద్దని చెప్పడానికి తన దగ్గర మాటలు లేవు. ఉన్నా అననని ఆమెకి తెలుసు.

పర్సులోంచి రూపాయి తీసి, టేపు మీద పెట్టి చుట్టూ గీసి, కత్తిరించింది. ఆ గుండ్రటి ముక్కని బిళ్ళ మధ్యలో అంటించి, దాని చుట్టూ రంగు కొట్టింది. ఆరాక ఇంకో పూత, మళ్ళీ ఆరాక మరొకటి. కింది అంచున ఒక చుక్క కారి గడ్డకట్టింది. దాని జోలికి పోలేదు.

సాయంత్రం బాలు ఆటోలో దిగి సెల్లార్‌లోకి వచ్చేసరికి ఇద్దరు ఆడవాళ్ళూ కారు ముందు నిలబడి ఉన్నారు. నల్లటి బిళ్ళ నడుమ వెండి చుక్క.

"మధ్యలో వదిలేశారేంటి వదినా?"

"అది అత్తయ్య చోటు."

పుణ్యవతి దగ్గరగా వంగి చూసింది. "వంకరగా కోశావు."

"రూపాయి పెట్టే గీశాను."

"రూపాయి బాగానే ఉంది. కత్తెర వంకర."

బాలు తల్లి వంకా వదిన వంకా చూసి, చెయ్యి గడ్డం కిందకి పోనిచ్చాడు. "అయితే నన్ను నార్సింగి ఎవరు దింపుతారు?"

వాసంతి డ్రైవరు వైపు తలుపు తీసింది. బాలు పక్కన కూర్చున్నాడు. ఎవరూ పిలవకుండానే పుణ్యవతి వెనక సీట్లో ఎక్కి తలుపు వేసుకుంది.

సెల్లార్ ఎత్తు మీద ఇంజిన్ ఆగిపోయింది. మళ్ళీ తిప్పింది. బండి వెనక్కి జారి, మళ్ళీ ఆగింది. వాసంతి బ్రేకు గట్టిగా తొక్కింది.

"హాఫ్ క్లచ్ వదినా, మెల్లగా..."

"నువ్వు నోరు మూసుకోరా" అంది వెనక నుంచి పుణ్యవతి. "వాడు నేర్పేటప్పుడు నేనూ వెనకే కూర్చున్నాను. దానికి వచ్చు."

వాసంతి మరోసారి తాళం తిప్పింది.