సంతలో మొలిచిన అరవై ఒక్క తోటలు

నేను ఒక జీపీఎస్ యంత్రాన్ని. అరచేతిలో పట్టేంత ఒళ్ళు, నారింజ రంగు రబ్బరు తొడుగు, నెత్తిన పొట్టి యాంటెనా. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాలతో మాట్లాడి, నన్ను పట్టుకున్న మనిషి భూమ్మీద ఎక్కడ నిలబడ్డాడో చెప్పడం నా పని. నిలబడవలసిన చోటే నిలబడ్డాడా లేదా అన్నది నేను చెప్పను. నన్నెవరూ అడగరు కూడా. మనుషులంటే నాకు గౌరవం లేకపోవడానికి మొదటి కారణం అదే. ఎక్కడున్నారో తెలుసుకోవడానికి నన్ను కొంటారు, కొన్నాక తెలుసుకోవడం మానేస్తారు.

నేను పుట్టింది తైవాన్‌లో. మొదట కొన్నది విశాఖపట్నంలో ఒక పళ్ళ డాక్టరు. తాను కొండలెక్కే మనిషినని భార్యకీ, స్నేహితులకీ, ఆఖరికి నోరు తెరిచి కుర్చీలో పడుకున్న రోగులకీ చెప్పుకునేవాడు. వాళ్ళు మారుమాట్లాడే స్థితిలో ఉండరు గనుక అది ఆయనకి బాగా కుదిరింది. మూడేళ్ళలో ఆయన నన్ను తీసుకెళ్ళిన అతి పెద్ద ఎత్తు కైలాసగిరి, అదీ రోప్‌వేలో. తర్వాత సైకిళ్ళ పిచ్చి పట్టి నన్ను అమ్మేశాడు. అలా ఒక కాఫీ ఎగుమతి కంపెనీ చేతిలో పడ్డాను.

ఆ కంపెనీలో అప్పుడే ‘సుస్థిరత విభాగం’ అని ఒక గది కొత్తగా వెలిసింది. గోడలకి ఆకుపచ్చ రంగు, కుండీల్లో ప్లాస్టిక్ మొక్కలు, ఆ మధ్యలో మేనేజరు వైదేహి మేడమ్. ఆవిడ నా వీపుకి ఒక ఆకు బొమ్మ అంటించి, ఇకనుంచి నేను ప్రకృతిని కాపాడతానని సిబ్బందికి చెప్పారు. అందరూ తలాడించారు. జీతాలిచ్చే చోట తలాడించడం ఎంత సులువో నేను అక్కడే చూశాను.

ఆ గది వెలియడానికి కారణం ఐరోపా. అక్కడివాళ్ళు ఒక చట్టం చేశారు. కాఫీ, కోకో, రబ్బరు, కలప లాంటివి తమ దేశాల్లో అమ్మాలంటే, అవి 2020 డిసెంబరు తర్వాత అడవి కొట్టేసిన నేలలో పండినవి కావని కంపెనీలు రుజువు చూపించాలి. తోట ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాల అంకెల్లో ఇవ్వాలి. పదెకరాల లోపు చిన్న తోట అయితే ఒక్క బిందువు చాలు, కానీ దానికి దశాంశం తర్వాత ఆరు అంకెలుండాలి. ఆరు అంకెలంటే జానెడు నేల కూడా కాదు. నాకు అసలు మూడు నాలుగు మీటర్ల తేడా వస్తుందన్న సంగతి నన్ను కొన్నవాళ్ళెవరూ పట్టించుకోలేదు, ఆరు అంకెలు కనబడితే వాళ్ళకి చాలు.

చట్టం తప్పని నేననను. ఈ గింజ ఏ నేల మీద పండిందని తాగేవాడు అడిగితే తప్పేముంది? ఆ ప్రశ్నని ఐరోపా కంపెనీ విశాఖ కంపెనీకి పంపింది. విశాఖ కంపెనీ వైదేహి మేడమ్‌కి పంపింది. మేడమ్ ఫీల్డ్ ఆఫీసరు పైడిరాజుకి పంపారు. అందరూ పంపినవాళ్ళే. కొండ ఎక్కవలసినవాడు చివరికి ఒక్కడే మిగిలాడు, వాడు ఎక్కలేదు.

పైడిరాజుది విజయనగరం దగ్గర మైదాన ప్రాంతం. అరకు పైన కొండల్లో అరవై ఒక్కమంది రైతుల తోటలకి బిందువులు తీయమని వాడికి పదిహేను రోజులిచ్చారు. ఒక్కో తోటకి గంట, గంటన్నర ఎక్కాలి. మొదటి రోజు వాడు ఒక కొండ కిందికి వెళ్ళి, తల పైకెత్తి చూసి, బైకు వెనక్కి తిప్పాడు. రెండో రోజు నిద్రపోయాడు. మూడో రోజు వాడికి ఒక ఉపాయం తట్టింది. కొండ మీద రైతులంతా శుక్రవారం సంతకి ఎలాగూ దిగుతారు. వాళ్ళే దిగుతుంటే తాను ఎక్కడమెందుకని అనుకున్నాడు. ఇంత తెలివి తోటల దాకా నడవడానికి వాడుకుంటే ఎంత బాగుండేదో.

శుక్రవారం సంత మైదానంలో పైడిరాజు రైతులందరినీ వరసలో నిలబెట్టాడు. ప్రతివాళ్ళ చేతిలో ఆధార్ జిరాక్సు. ఒకరి పేరు కొట్టడం, నా మీట నొక్కడం, “తర్వాత” అనడం. అందరి అంకెలూ ఒకటే అయితే కంప్యూటరు పట్టేస్తుందని ఒక్కొక్కరి దగ్గర ఒక అడుగు ఎడమకి జరుగుతూ పోయాడు. అలా ఒకరి కాఫీ తోట ఎండు చేపల గంపల మధ్య మొలిచింది, మరొకరిది మంగలి కుర్చీ కింద. ముప్పై ఎనిమిదో తోట గాజులమ్మే ఆమె పరదా దగ్గర మొలిచింది. ఆ తోట వంతాల చిలకమ్మది.

చిలకమ్మకి యాభై దాటి ఉంటాయి. రెండెకరాల తోట. మొక్కలు నెత్తిన మోసుకెళ్ళి నాటి, సిల్వర్ ఓక్ చెట్ల నీడన పెంచింది. నాలుగేళ్ళుగా కంపెనీ ఆమె కాఫీ పళ్ళని విడిగా కొని, సంచి మీద ఆమె పేరు రాయించేది. దళారికి అమ్మితే పండు మంచిదైనా పుచ్చుదైనా ఒకే గోతంలో పోస్తాడు. తన పేరున్న సంచి సముద్రం దాటుతుందన్న సంగతి ఆమెకి చాలా ఇష్టం. అది పోకూడదనే ఆ రోజు వరసలో నిలబడింది. వరసలో ఉన్న అరవై ఒక్కమందిలో నోరు విప్పింది కూడా ఆమె ఒక్కతే.

“బాబూ, ఇది సంత గదా. నా తోట ఆ కొండ మీద ఉన్నాది. ఇక్కడ నిలబడితే ఎలగ తెలుస్తాది?”

“మిషన్‌కి పైనుంచి అన్నీ కనిపిస్తాయమ్మా. నువ్వు ఇలగ ఓ అడుగు జరుగు.”

నాకు అన్నీ కనిపిస్తాయట. నాకు కనిపించింది గాజుల పరదా ఒక్కటే. అదే రాసిచ్చాను.

బిందువులు ఐరోపా చేరాయి. అక్కడ వాటిని ఉపగ్రహాలు తీసిన అడవి పటాల మీద పెట్టి చూశారు. అరవై ఒక్క తోటలూ ఎర్రగా వెలిగాయి, ఎరుపంటే అడవి పోయిన నేల. రెండేళ్ళ కిందట రోడ్డు వెడల్పు చేసినప్పుడు సంతని ఆనుకుని ఉన్న తోపు మొత్తం కొట్టేశారు, సంత ఆ ఖాళీలోకి జరిగింది. ఆ తోపు పోయిన మచ్చ మీద సరిగ్గా మన అరవై ఒక్కమంది నిలబడ్డారు. రోడ్డు వేసినవాళ్ళని ఎవరూ ఏమీ అనలేదు, రోడ్డు కాఫీ పండించదు కదా. అడవి నరికినవాళ్ళుగా రైతులు తేలారు.

పళ్ళు కోసే రోజుల్లో కొనుగోలు కేంద్రం దగ్గర పైడిరాజు ఈ సంగతి చెప్పాడు. ఈ ఏడాది వాళ్ళ పళ్ళు కొనబోమని, అడవి నరికినట్టు వచ్చిందని. మిగతావాళ్ళు గొణుక్కుంటూ దళారి వైపు వెళ్ళిపోయారు. చిలకమ్మ కదల్లేదు.

“అడివి నేను నరికినానా?”

“కంప్యూటర్ సెప్పిందమ్మా.”

“దానికి ఎవులు సెప్పినారు?”

చిలకమ్మ బల్ల మీదనుంచి నన్ను తీసుకుని, “రా బాబూ, ఎక్కుదువు గాని” అని నడవడం మొదలుపెట్టింది. కంపెనీ సొత్తు పోతే తన జీతంలో కోస్తారన్న భయంతో వాడు వెనకే బయల్దేరాడు. దారిలో మూడుసార్లు కూలబడ్డాడు. మూడుసార్లూ ఆమె ఆగింది.

తోటలోకి అడుగు పెట్టగానే నాకు సంతోషం వేసింది. ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, వేసింది. పుట్టినప్పటినుంచి నన్ను ఉండవలసిన చోటికి తీసుకెళ్ళిన మనిషి ఆమె ఒక్కతే. నిటారుగా లేచిన సిల్వర్ ఓక్‌లు, వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు, కింద నీడలో ఎర్రబడ్డ కాఫీ పళ్ళు. ఆకుల సందుల్లోంచి ఉపగ్రహాలు దొరకడానికి నేను కాస్త అవస్థ పడ్డాను, అయినా దొరికాయి. పైడిరాజు మీట నొక్కి, ఫోనులో అడవి పటం తెరిచి చూశాడు. అక్కడ ఒక్క చెట్టు కూడా పోలేదు. వాడు ఆ పటాన్నీ చెట్లనీ మార్చి మార్చి చూశాడు. చిలకమ్మ వాడికి అంబలి పోసి ఇచ్చింది. ఆ క్షణంలో వాడి మీద నాకున్న చిన్నచూపు కొంచెం తగ్గింది. కొంచెమే.

వాడు విశాఖ వెళ్ళి నిజం చెప్పేశాడు. వైదేహి మేడమ్ అంతా విని, తలుపు మూయించారు.

“అంటే మిగతా అరవై కూడా తప్పని మనమే రాసిద్దామా? ఇవి దిద్దితే మన పాత లిస్టులన్నీ తీయమంటారు. వాటిలో బిందువులెలా తీశారో నీకు తెలుసా? నాకు తెలుసు.”

“ఆమె ఏ తప్పూ చెయ్యలేదు మేడమ్.”

“చేసిందని నేనన్నానా పైడిరాజూ? వాళ్ళ పేర్లు తీసేద్దామంటున్నాను, అంతే.”

అంతే, తీసేశారు. అరవై ఒక్కమంది బదులు పక్క రాష్ట్రంలో మూడువందల ఎకరాల ఎస్టేటు ఒకటి దొరికింది. ఒకే యజమాని, గీత గీసినట్టున్న పటం. ఆ ఏడాది సుస్థిరత నివేదికలో ‘అటవీ విధ్వంసంతో ముడిపడిన సరఫరాదారులను పూర్తిగా తొలగించాం’ అని రాసుకున్నారు. అట్ట మీద మాత్రం చిలకమ్మ ఫోటో వేశారు, పళ్ళు కోస్తూ నవ్వుతున్నది. తొలగించిన మనిషి ఆమేనన్న సంగతి వాళ్ళకి గుర్తుందో లేదో నాకు తెలియదు. గుర్తుండే వేశారన్నా నేను ఆశ్చర్యపోను.

ఇంతలో ఐరోపావాళ్ళు చట్టం అమలుని ఒక ఏడాది వాయిదా వేశారు. ఆకుపచ్చ గదిలో కేకు కోశారు. ఇంకో ఏడాదికి మళ్ళీ వాయిదా పడింది, మళ్ళీ కోశారు. జాబితాలోంచి తీసేసిన పేర్లు మాత్రం తీసేసినట్టే ఉన్నాయి.

నన్ను ఇప్పుడు కంపెనీ ముందు గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ‘మా ప్రతి రైతు తోటకూ నడిచిన యంత్రం’ అని కింద ఇత్తడి పలక. నా ఎదురుగా గోడంత తెర, దాని మీద పటం, పటం నిండా పచ్చటి చుక్కలు. వచ్చిన అతిథులు నన్ను చూసి చిరునవ్వు నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోతారు. చూసిన ప్రతిదానికీ ముచ్చటపడే జాతి ఇది.

మొన్న పైడిరాజు వచ్చాడు. ఉద్యోగం మానేస్తున్నానని కాగితం ఇచ్చి వెళ్ళబోతూ, ఎదురైన మేడమ్‌తో అన్నాడు.

“చిలకమ్మ చెట్లు అమ్మేసింది మేడమ్. కలప వ్యాపారికి. నూట ఎనభై సిల్వర్ ఓక్‌లు.”

“అయ్యో, ఎందుకట?”

“అడిగితే, నరికినానని రాసీసినారు గదా బాబూ, ఇంక ఉంచి ఏటి సేస్తాను అన్నాది. దళారి ఇచ్చే ధరకి నీడ తోట పెంచడం దండగంట. అల్లం వేసింది.”

మేడమ్ తెర వైపు చూశారు. “ఆ తోట మన సిస్టమ్‌లో ఉందా?”

“లేదండి. మీరే తీయించారు.”

“అయితే మనకి ఇబ్బంది లేదు” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయారు.

పైడిరాజు ఆ పెద్ద తెర ముందు నిలబడ్డాడు. దాని మీద ఒక్క ఎర్ర చుక్క లేదు. చెట్లు పోయిన ఆ కొండ మీద ఏ చుక్కా లేదు.