అన్న కొట్లో బేరింగు

ఒక్క బేరింగు తప్ప ఇంజన్‌కి కావలసినవన్నీ దొరికాయి మేస్త్రికి. పిస్టన్ రింగులు పాత ఇనుప సామాన్ల కొట్లో, చుట్టిన మైనం కాగితం కూడా విప్పకుండా దొరికాయి. వాల్వు గైడ్లు లేతు మిషను మీద చేయించాడు. గాస్కెట్లు తనే కత్తిరించుకున్నాడు. ఇక మిగిలింది క్రాంక్‌కి ఎడమవైపు కూర్చునే బేరింగు. ఆ మోటారు సైకిల్ కంపెనీ మూతబడి ఒక తరం దాటింది. బతికున్న రోజుల్లో ఆ బేరింగుని తన సొంత కొలతలో చేయించుకుంది మహాతల్లి! ఇప్పటిది ఏది తెచ్చినా వెడల్పు చాలదు. ఫోన్లు చేసి చేసి మేస్త్రి చెవి వేడెక్కింది, బజారంతా తిరిగి చెప్పులు అరిగాయి. అడిగిన ప్రతివాడూ ఒకటే మాట, మీ అన్న దగ్గర ఉందిగా అని.

ఉన్నట్టు అతనికీ తెలుసు. అన్న గుమ్మం తొక్కకుండా గడిచిపోతుందేమోనని ఆ తిరుగుడంతా తిరిగాడు.

అమ్మానాన్నలు పోయాక అతన్ని పెంచింది అన్నావదినలే. అన్నం కలిపి పెట్టింది వదిన, చేతికి పానా ఇచ్చింది అన్న. ముందు స్పేర్ పార్టుల కొట్టు అన్నది, వెనక షెడ్డు తమ్ముడిది. ఒకరోజు ఒకాయన కాలికి కట్టుతో, చేతిలో అక్కడే కొన్న పగిలిన బేరింగుతో కొట్లోకి కుంటుకుంటూ వచ్చేదాకా అంతా సవ్యంగానే ఉంది. మేస్త్రి దాన్ని తీసుకుని చూశాడు. నాసిరకం సరుకు మీద పాత పేరు అరగదీసి పెద్ద కంపెనీ పేరు చెక్కినది. కొట్టు నిండా జనం ఉన్నారు. అయినా నోరు ఊరుకుంటేగా, "ఇది దొంగ సరుకు అన్నయ్యా" అనేశాడు. చాటుగా పిలిచి చెప్పొచ్చు కదా అంటారు మీరు. చెప్పొచ్చు. విరిగిన కాలు ఎదురుగా ఉంటే చాటెక్కడ వెతుక్కుంటాడు? ఆ సాయంత్రమే అన్న అతని పానాల పెట్టెని రోడ్డు మీద పెట్టించాడు. వదిన బయటికి రానేలేదు. తర్వాత మేస్త్రి రోడ్డు పక్కన వేరే షెడ్డు వేసుకున్నాడు.

ఇప్పుడీ బండి ఒక నర్సమ్మది. వాళ్ల నాన్న నడిపిన బండి. ఆవిడ కూతురికి కొండ మీది హాస్టలు బడిలో సీటొచ్చింది, ఆ పిల్లని ఈ బండి మీదే తీసుకెళ్లి దింపాలని ఆవిడ పంతం. బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. డ్యూటీ దిగి ఇంటికెళ్తూ తల్లీకూతుళ్లు షెడ్డు ముందు ఆగేవాళ్లు. విప్పిన ఇంజన్‌లో ఏది ఏమిటో చెప్పమని ఆ పిల్ల మేస్త్రి ప్రాణం తీసేది. చెప్పేవాడు. ఈ బేరింగు మాత్రం మంచిది పడాలమ్మా, ఇది పగిలితే ఇంజన్ పట్టేస్తుంది, వెనక చక్రం ఉన్నపళాన ఆగిపోతుంది అని కూడా చెప్పాడు. కొండదారిలో ఆగితే ఏమవుతుందో చెప్పలేదు.

చివరికి సిగ్గు విడిచి అన్న కొట్టుకి వెళ్లాడు. బేరం మంచి జోరు మీదుంది. అన్న తలెత్తి చూసి, మళ్లీ తల దించుకుని, వచ్చినవాళ్లందరినీ పంపేదాకా తమ్ముణ్ణి ఎండలోనే నిలబెట్టాడు. కొత్తవాళ్లు వచ్చి కొట్టు మళ్లీ నిండాక అప్పుడు పిలిచాడు. పై అరలోంచి మైనం కాగితం పొట్లం దింపి గల్లా బల్ల మీద విప్పాడు. ఇత్తడి పంజరంలో ఉక్కు గుండ్లు మిలమిలలాడుతున్నాయి. అసలు సిసలు పాత సరుకు! మేస్త్రికి ప్రాణం లేచొచ్చింది.

"తీసుకో. నీకు కాకపోతే ఎవరికిస్తాను?" అన్నాడు అన్న. "కాకపోతే అప్పుడు నలుగురిలో ఒక మాటన్నావు. ఇప్పుడు నలుగురూ ఉన్నారు."

మేస్త్రి గల్లా పక్కనున్న వదిన వైపు చూశాడు. ఆవిడ బోల్టుల డబ్బాలో చెయ్యి పెట్టి దేనికోసమో తెగ వెతికేస్తోంది. అతనికి ఆ పిల్ల గుర్తొచ్చింది, కొండదారి గుర్తొచ్చింది. ఒక్క అబద్ధమేగా, పోతే నా పరువే పోతుంది అనుకున్నాడు.

"అప్పుడు నేనన్నది అబద్ధం," అన్నాడు. "మా అన్న కొట్లో అంతా అసలు సరుకే."

వెనకున్నవాళ్లకి వినపడలేదన్నాడు అన్న. మేస్త్రి గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. ఎవరో కిసుక్కుమన్నారు. అన్న తృప్తిగా తలాడించి, పొట్లాన్ని ప్యాక్ చేయమని వదినకి అందించాడు. ఆవిడ లోపలికి తీసుకెళ్లి, అట్టపెట్టెలో పెట్టి, చుట్టూ టేపు వేసి తెచ్చింది.

పెట్టె విప్పి చూసుకోవాలని అతని చేతులు లాగాయి. ఏ కొట్లో కొన్నా విప్పి, గోరుతో తడిమి గాని గడప దాటడు. కాని అన్న సరుకు అసలుదని ఇప్పుడేగా అరిచి చెప్పాడు! ఆ నోటితోనే పెట్టె విప్పితే అన్న ఊరుకుంటాడా, బేరింగు మళ్లీ పై అరకెక్కదా? విప్పకుండానే చంకలో పెట్టుకున్నాడు. వదిన అతని ముఖంలోకి చూడకుండా, "వెళ్లు చిన్నోడా," అంది.

షెడ్డుకొచ్చి టేపు కోశాడు. లోపల ఇత్తడి లేదు, రేకు పంజరం. అక్షరాల దగ్గర గోరు పెడితే పల్లంగా తగిలింది. అరగదీసి చెక్కినదే. మేస్త్రికి ఏడుపు తన్నుకొచ్చింది. పెంచినవాడు ఇంత పని చేస్తాడా, అన్నం పెట్టిన చెయ్యి దీనికి టేపు చుడుతుందా అని.

ఫోన్ చేస్తే అన్న తీరిగ్గా ఎత్తాడు. "అసలుదే అని నువ్వేగా చెప్పావు, ఊరంతా విన్నారు," అని పెట్టేశాడు.

మర్నాడు నర్సమ్మ సంబరంగా వచ్చింది. బేరింగు దొరికిందని, మేస్త్రి అన్నగారికి క్షమాపణ కూడా చెప్పుకున్నాడని ఆస్పత్రిలో ఎవరో చెప్పారట. మేస్త్రి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇది దొంగది, నేను బిగించను అన్నాడు. ఆవిడ వేలు పట్టుకుని ఆ పల్లం మీద పెట్టాడు కూడా. ఆవిడకి ఏమీ తెలియలేదు, తెలిసేది కూడా కాదు. అన్నకే ఫోన్ చేసి, ఇద్దరికీ వినపడేలా పెట్టింది. అన్న గొంతులో తేనె కారింది. మావాడికి నా మీద కోపం మేడం, మధ్యలో మీ బండి నలుగుతోంది, నాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, నా పూచీ మీద బిగిస్తాడు అన్నాడు.

"మేస్త్రిగారూ, నిన్న చెప్పింది అబద్ధమా, ఇవాళ చెప్పేది అబద్ధమా?" అని అడిగింది నర్సమ్మ.

"నిన్నటిదమ్మా. బేరింగు కోసం చెప్పాను."

"బేరింగు కోసం అబద్ధమాడినవాళ్లు పగ కోసం ఆడరా?"

ఆవిడ బేరింగుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఆటో పిలిపించి, విప్పిన ఇంజన్‌ని గోతాంలో, చక్రాల మీదున్న బండిని వెనక తాడుతో పట్టుకుపోయింది. ఆ తర్వాత రెండుసార్లు వాళ్లింటికి వెళ్లాడు మేస్త్రి. రెండోసారి తలుపు కూడా తీయలేదు.

బడి తెరిచే రోజు పొద్దున్నే ఆ బండి షెడ్డు ముందునుంచే వెళ్లింది. వెనక ట్రంకుపెట్టె కట్టి ఉంది, మధ్యలో కూతురు. ఇంజన్ చక్కగా పలుకుతోంది. కొత్తలో ఏ బేరింగైనా అలాగే పలుకుతుంది. మేస్త్రి చేతిలో ఉన్నది పారేసి, ఆగమ్మా, ఆగు అంటూ రోడ్డు మీద పడి పరుగెత్తాడు. తనకి వీడ్కోలు చెప్పడానికే వస్తున్నాడనుకుని ఆ పిల్ల నవ్వుతూ చెయ్యి ఊపింది. నర్సమ్మ అద్దంలో అతన్ని చూసి, యాక్సిలరేటరు ఇంకాస్త తిప్పింది.