సక్కుబాయి కాళ్ల కింది బండ

సక్కుబాయి కుడికాలి వేళ్లు తీసేశారు. తీసింది డాక్టరు కత్తి అని అందరూ చెప్పుకుంటున్నారు. అబద్ధం! తీసింది మీరు. ఇంట్లో మెత్తటి చెప్పులు తొడుక్కుని తిరుగుతూ, అంట్లు తోమే మనిషిని మాత్రం గడప బయటే చెప్పులు విప్పి రమ్మనే మీరందరూ. నాకు నోరు లేదనుకున్నారు. వినండి.

నేను ఒక తాండూరు బండను, నీలం రకం. గునపాలు దింపి, పొర మీద పొర లేపి నన్ను భూమిలోంచి తీశారు. మోకాళ్ల మీద కూర్చుని సుత్తితో నా అంచులు సరిచేసిన వాళ్లలో ఒక్కరి ఇంట్లోనూ బండల నేల లేదు. ఆ సంగతి అప్పట్లో వింతగా తోచింది. తర్వాత మనుషుల్ని చూసి చూసి అలవాటైపోయింది.

లారీలో ఆదిలాబాదు చేరాను. పత్తి మిల్లు యజమాని గోవర్ధన్ గారి వంటింట్లో, సరిగ్గా సింకు ముందు నన్ను పరిచారు. ఎండాకాలం నన్ను మెచ్చుకోనివాళ్లు లేరు. కానీ ఆదిలాబాదు చలి సంగతి తెలుసు కదా! పుష్యమాసం వచ్చిందంటే బిందె ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. అప్పుడు నేను మంచుగడ్డను. నా పుట్టుకే అంత.

ఆ మంచుగడ్డ మీద పొద్దున్నే వచ్చి నిలబడేది సక్కుబాయి, ఉత్తకాళ్లతో. ఆమె మడమల పగుళ్లు నా ఒంటి మీది గీతల్లాగే నాకు తెలుసు. అంట్లు తోముతూ ఒక కాలు ఎత్తి రెండో కాలి పిక్కకేసి రుద్దుకునేది. కొన్నేళ్లకు ఆ రుద్దుకోవడం మానేసింది. చలి ఓర్చుకోవడం నేర్చుకుందేమో అనుకున్నాను. కాదు. ఒంట్లో షుగరు చేరి పాదాలు మొద్దుబారాయి. ఆ సంగతి దవాఖానలో చెప్పారట. వచ్చి యజమానురాలు వైజయంతమ్మను అడిగింది.

"అమ్మా, డాక్టరమ్మ ఉత్తకాళ్లతోని తిరగొద్దన్నది. కాళ్లకు సోయి లేదట. ఇంట్లకని వేరే రబ్బరు జోడు కొనుక్కుంట. బయట తొడగ, ఒట్టు."

"వంటింట్ల చెప్పులానే? పక్కన దేవుని అర్ర ఉన్నది, కనవడ్తలేదా?"

"మీరు తొడుక్కున్నరు గదమ్మా."

"ఇవి చెప్పులా? బట్టవి! పనిమనిషి చెప్పులేసుకొని వంటింట్ల తిరుగుతాంటే వచ్చిపోయేటోళ్లు నవ్వరా?"

"అయితే దేవునికి నా కాళ్లే కనవడ్తయన్నట్టు" అని గొణిగి సక్కుబాయి నల్లా తిప్పింది. నీళ్ల చప్పుడులో వైజయంతమ్మకు వినపడలేదు. నాకు వినపడింది.

ఆ ఏడే వంటిల్లు కొత్తగా చేయించాలన్నారు. వైజయంతమ్మ హైదరాబాదులో ఎవరింట్లోనో వెచ్చటి నేల చూసి వచ్చింది. టైల్స్ కింద కరెంటు తీగల చాప పరిస్తే నేల కాగుతుందట. ఇక రోజూ అదే గోల. పాలరాయి వద్దు, పసుపు మరక పడితే పోదు. చెక్క వద్దు, తడికి ఉబ్బుతుంది. నల్ల గ్రానైటు అశుభమని ఒక బంధువు. చివరికి బాదంరంగు టైల్స్ ఖాయం చేశారు, కింది వేడి త్వరగా పైకి వస్తుందని. నమూనా ముక్కలు నా మీదే పేర్చి, ఒక్కో దాని మీద కాలు పెట్టి కళ్లు మూసుకుని చూసుకున్నారు. మనుషులు తమ పాదాలకు ఎంత మర్యాద చేస్తారో ఆనాడు చూశాను.

సక్కుబాయి కూడా మురిసిపోయింది. "ఇగ చెప్పులెందుకమ్మా, నేలనే కాగుతది!"

నన్ను పెకలించి పెరటి గుమ్మానికి ఆనించారు. అక్కడినుంచి అంతా కనిపించేది. టైల్స్ మేస్త్రి జిలానీ తీగల చాప పరుచుకుంటూ సింకు దగ్గరికొచ్చి ఆగాడు.

"అమ్మా, ఇక్కడి దాంక వెయ్యాల్నా? తడి తగిలినా దీనికేం గాదు."

"ఆడెందుకు? ఆడ నేను నిలవడ్తనా? స్టవ్వు ముందర, డైనింగు టేబులు కింద వెయ్యి. సింకు కాడ సక్కుబాయేనాయె."

కోపంతో అన్న మాట కాదు. కడుపులో విషం పెట్టుకుని అన్నదీ కాదు. మామూలుగా, కూరలో ఉప్పు సంగతి చెప్పినట్టు అంది. నాకు మింగుడుపడనిది అదే. సక్కుబాయి చీపురు పట్టుకుని పక్కనే ఉంది. కాసేపటికి నన్ను చూపించి, "ఆ పాత బండ నాకియ్యుండ్రి అమ్మా" అంది.

"తీస్కపో" అన్నారు, మహా ఉదారంగా.

పట్టాల అవతల బస్తీలో ఆమె ఇల్లు. నన్ను ఇటుకల మీద ఎత్తి పెట్టి, కింద పొయ్యిలోని నిప్పులు తోసింది. పక్కింటి ముత్తవ్వ తొంగి చూసింది.

"ఏందే సక్కూ, బండ కింద నిప్పులు? దోశలు వోస్తవా?"

"దోశలు గాదక్కా, వెచ్చబండ! మా సేఠు ఇంట్ల అసొంటిదే. కాళ్లు వెట్టు, నువ్వు గూడ మా అమ్మగారైతవ్."

ఇద్దరూ పడీపడీ నవ్వారు. ముత్తవ్వ కాలు పెట్టి, వెంటనే లాక్కుంది. "ఓయమ్మో, సుర్రుమన్నది!"

"నాకింకా సల్లగనే ఉన్నదక్కా" అంది సక్కుబాయి. ముత్తవ్వ తన పొయ్యి చూసుకోవడానికి పోయింది. సక్కుబాయి ఇంకొన్ని నిప్పులు తోసి, రెండు పాదాలూ నా మీద ఆనించి, గోడకు చేరగిలబడింది. అలా హాయిగా కూర్చోగా ఆమెను ఎన్నడూ చూడలేదు.

నేనెంత కాగానో నాకు తెలుసు. ఆమెకు తెలియదు. ఏళ్ల తరబడి ఆ పాదాలకు చలి తప్ప ఏమీ ఇవ్వలేదు నేను. వెచ్చదనం ఇచ్చే రోజు వస్తే తోలు ఊడదీశాను. కాలిన వాసన వచ్చాక గానీ ఆమె కిందికి చూసుకోలేదు. నిప్పులు ఎక్కువున్న వైపు పెట్టిన కుడికాలు నాకు అంటుకుపోయింది.

పుండు మానలేదు. చీము పట్టింది, జ్వరం వచ్చింది, వేళ్లు పోయాయి. దవాఖాన నుంచి వచ్చిన ముత్తవ్వ నన్ను ఈడ్చుకెళ్లి, "నీ పాడుగాను!" అంటూ మురికికాల్వ పక్కనున్న చెత్తకుప్ప మీదికి విసిరింది. అప్పటికే వేడికి నెర్రె బాసి ఉన్నాను, రెండు ముక్కలయ్యాను. తిట్టనీ. ఆమె కోపం న్యాయమే, కాకపోతే తగలవలసిన చోట తగలలేదు. వైజయంతమ్మ వేరే పనిమనిషిని పెట్టుకుందట. ఆ మనిషీ చెప్పులు గడప బయటే విప్పుతోందట.

అయ్యో పాపం అనేవాళ్లతో నాకు పనిలేదు. లేవండి. మీ వంటింటి గడప దగ్గరికి పోండి. అక్కడ విప్పిన చెప్పులు కనబడితే మీ చేత్తో లోపలికి తెచ్చి, తొడుక్కోమని ఆ మనిషికి చెప్పండి. దేవుడు అడిగితే నా పేరు చెప్పండి. వైజయంతమ్మా, నువ్వు ఆ సింకు ముందు టైల్స్ పగలగొట్టించి తీగ వేయించు. సక్కుబాయి లేచి నడిస్తే ఆమె పని ఆమెకియ్యి. నడవలేకపోతే జీతం ఇంటికి పంపు. రేపు మాపు అనకు. చలి ఇంకా పోలేదు.