మొగిలి కడుపులో బోరు

హైటెక్ సిటీలో మేడలు పైపైకి లేస్తున్న రోజుల్లో నానక్‌రామ్‌గూడ మొగిలి కిందికిందికి పోయేవాడు. బోర్లు వేయడం అతని పని. ఇరవై ఏళ్లలో ఒక్క బోరూ ఫెయిల్ కాలేదని అతని గొప్ప. అలాంటివాడి క్లోమంలో గడ్డ కనబడింది. క్యాన్సరేమోనని డాక్టర్ ఉమాశ్రీ అనుమానం.

"నోట్లోంచి కడుపులోకి గొట్టం పంపుతామండి. దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో గడ్డను చూస్తూ, సూదితో ముక్క తీస్తాం" అందామె.

"అంటే నీళ్ల పాయింట్ చూసి బోరేస్తరన్నట్టు! జర లోతు చూసుకోండ్రి మేడం!"

"జర నోరు మూసుకోరాదయ్యా!" అంది భార్య పోచమ్మ.

"మూస్తే గొట్టం ఎట్ల పోతదే?"

ముక్క తీసిన నాలుగో రోజు రిపోర్టు వచ్చింది. పోచమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టర్ రిపోర్టు విప్పింది.

"మూడు చోట్ల సూది దించామండి. క్యాన్సర్ ఎక్కడా లేదు. ఉత్త వాపే, మందులతో తగ్గుతుంది."

"మూడు పాయింట్లల్ల ఏం పడలే?"

"ఏమీ పడలేదండి!"

మొగిలి కుర్చీలోంచి ఎగిరి గంతేశాడు. క్లోమం క్షేమం!

"పోచమ్మా, బోరు ఫెయిలైందే! ఉరుకు, పేడాలు తే!"

ఆ సాయంత్రం దవాఖాన వరండాలో దొరికినవాళ్లందరికీ పేడా తినిపిస్తూ, జీవితంలో తొలి ఎండు బోరు గురించి గొప్పలు చెప్పుకున్నాడు.